ఎర్ర కుర్చీలో కూర్చున్నది గురువా, పోటీదారుడా? స్పెయిన్ ‘లా వోజ్’ లోపలి లెక్క

2012 సెప్టెంబరు 19న స్పెయిన్‌లోని ప్రైవేటు ఛానెల్ టెలెసింకో ఒక కొత్త పాటల పోటీని మొదలుపెట్టింది. దావిద్ బిస్బల్, మాలూ, మెలెండీ, రోసారియో ఫ్లోరెస్ అనే నలుగురు పేరున్న గాయకులు వేదికకు వీపు పెట్టి, ఎర్రటి పెద్ద కుర్చీల్లో కూర్చున్నారు. వెనక ఎవరో వచ్చి పాడతారు, మనిషి కనిపించడు, గొంతు మాత్రమే వినిపిస్తుంది. నచ్చితే ఎదురుగా ఉన్న బటన్ మీద చెయ్యి వేయాలి, వేయగానే కుర్చీ గిర్రున తిరుగుతుంది, అప్పుడు గానీ ఆ గొంతు ఎవరిదో తెలియదు. ఆ పోటీ పేరు ‘లా వోజ్’, అంటే స్పానిష్‌లో ‘గొంతు’. (స్పెయిన్‌వాళ్ల నోట అది ‘లా బోథ్’కు దగ్గరగా పలుకుతుంది. ఈ వ్యాసంలో పేర్లన్నిటినీ తెలుగు కంటికి అలవాటైన రూపంలోనే రాస్తున్నాను.)

ఆ నలుగురిని ఏమని పిలవాలన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, పోటీలోని చిక్కుముడి అంతా అక్కడే ఉంది. న్యాయనిర్ణేతల బృందానికి స్పానిష్‌లో ‘హురాదో’ అనే మాట ఉంది, గురువుకు ‘మాయెస్త్రో’ ఉంది, బోధకుడికి ‘ప్రొఫెసోర్’ ఉంది. ఇన్ని మాటలుండగా స్పెయిన్ టీవీ వాటిలో దేన్నీ తీసుకోకుండా ‘కోచ్’ అనే ఇంగ్లీషు మాటనే తెచ్చుకుని వాడుకుంటోంది. అందుకు కారణం లేకపోలేదు. ఆ కుర్చీలో కూర్చున్న వ్యక్తి మొదట వేటగాడు, తన జట్టుకు గొంతులను పట్టుకోవాలి. తర్వాత గురువు, పట్టుకున్నవాళ్లకు మెళకువలు చెప్పాలి. ఆ తర్వాత న్యాయమూర్తి, తాను నేర్పిన ఇద్దరిలో ఒకరిని తానే ఇంటికి పంపాలి. చివరికి పోటీదారుడు కూడా, ఎందుకంటే గెలిచిన గాయకుడితో పాటు ఆ కోచ్ కూడా గెలిచినట్టే లెక్క. ఒకదానితో ఒకటి పొసగని ఈ నాలుగు పనులనూ ఒకే మనిషి చేత చేయించడమే ఈ కార్యక్రమం కనిపెట్టిన అసలు ఉపాయం. పాడేవాళ్లు ఏటా మారిపోతారు, ఆ కుర్చీల మధ్య నడిచే నాటకమే నిలిచి ఉంటుంది.

ఈ ఉపాయం స్పెయిన్‌ది కాదు, నెదర్లాండ్స్‌ది. ‘బిగ్ బ్రదర్’ను లోకం మీదికి వదిలిన టీవీ వ్యాపారి జాన్ డె మోల్ 2010 సెప్టెంబరులో ఆర్‌టీఎల్ 4 ఛానెల్‌లో ‘ది వాయిస్ ఆఫ్ హాలండ్’ పేరుతో దీన్ని మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది వసంతానికే అది అమెరికాలో ఎన్‌బీసీకి చేరింది, 2015లో హిందీ రూపంలో మన దేశానికీ వచ్చింది. ఇటువంటి కార్యక్రమాన్ని కొనడమంటే పేరును మాత్రమే కొనడం కాదు. తిరిగే కుర్చీలు, రెండు వేళ్లు విజయసంకేతంలా చాచి మైకును పట్టుకున్న చేతి గుర్తు, ఏ దశ తర్వాత ఏ దశ రావాలన్న క్రమం, అన్నీ కలిపి ఒక పొట్లంగా వస్తాయి. డె మోల్‌కూ స్పెయిన్‌కూ అంతకుముందే చుట్టరికం ఉంది. ఆయన భాగస్వామిగా స్థాపించిన ఎండెమోల్ సంస్థను 2000లో స్పెయిన్ టెలిఫోన్ దిగ్గజం తెలెఫోనికా కొనుగోలు చేసింది. ఆ ఎండెమోల్ నీడలోనే ఉన్న బార్సిలోనా సంస్థ హెస్త్‌మ్యూసిక్ మరుసటి ఏడాది స్పెయిన్ టీవీ చరిత్రను మలుపు తిప్పిన పాటల పోటీని తయారుచేసింది. దాని గురించి చెప్పకుండా ‘లా వోజ్’ ఎందుకు అలా ఉందో చెప్పడం కుదరదు.

2001 అక్టోబరులో ప్రభుత్వ ఛానెల్ టీవీఈలో మొదలైన ‘ఒపెరాసియోన్ త్రియున్ఫో’ పాటల పోటీ మాత్రమే కాదు, పాటల బడి కూడా. పదహారు మంది యువతీయువకులను ‘అకాడమీ’ అని పిలిచే ఒక చోట నెలల తరబడి ఉంచి, గాత్రం, నృత్యం, ఉచ్చారణ నేర్పుతూ, వాళ్లు తడబడటాన్నీ ఏడవటాన్నీ మెరుగుపడటాన్నీ రోజూ చూపించారు. అక్కడ పాత్రలు విడివిడిగా ఉండేవి. బడిలో పాఠం చెప్పేవాళ్లు వేరు, వారానికోసారి వేదిక ముందు కూర్చుని విమర్శించే న్యాయనిర్ణేతలు వేరు. వారం చివర నలుగురు ప్రమాదంలో పడితే ఒకరిని ఉపాధ్యాయులు కాపాడేవారు, ఒకరిని తోటి విద్యార్థులు కాపాడేవారు, మిగిలిన ఇద్దరి సంగతిని ప్రేక్షకులు తేల్చేవారు. అధికారాన్ని అంత జాగ్రత్తగా పంచిన పోటీ అది. 2002 ఫిబ్రవరిలో జరిగిన తుదిపోరును కోటీ ఇరవై లక్షలకు పైగా జనం చూశారు. గ్రనడా ప్రాంతపు అమ్మాయి రోసా లోపెజ్ గెలిచి, ఆ వసంతంలో టాలిన్ నగరంలో జరిగిన యూరోవిజన్ పోటీలో స్పెయిన్ తరఫున పాడి ఏడో స్థానం తెచ్చింది. ఆమె వెనక రెండో స్థానంలో ఆగిపోయిన అల్మెరియా కుర్రాడి పేరు దావిద్ బిస్బల్. పదేళ్ల తర్వాత ఎర్ర కుర్చీలో వీపు తిప్పి కూర్చున్నది అతడే.

అకాడమీ నమూనా కాలక్రమంలో అలసిపోయింది. 2005లో ‘ఒపెరాసియోన్ త్రియున్ఫో’ను టెలెసింకో తీసుకుంది, కొన్నేళ్లు బాగానే నడిపింది, 2011 ఆరంభంలో మాత్రం ప్రేక్షకులు మొహం చాటేయడంతో ఆ సీజన్‌ను మధ్యలోనే ముగించేసింది. అదే ఛానెల్ ఏడాదిన్నర తర్వాత ‘లా వోజ్’ను తెచ్చిందంటే, ఒక కొట్టు మూసి పక్కనే ఇంకో కొట్టు తెరిచినట్టే. బూమరాంగ్ అనే సంస్థ నిర్మించింది, హెసూస్ వాస్కెజ్ వ్యాఖ్యాతగా నిలిచాడు. ‘ఒపెరాసియోన్ త్రియున్ఫో’ టెలెసింకోలో నడిచిన రోజుల్లోనూ, ఆ చివరి సీజన్ తప్ప, వ్యాఖ్యాత ఆయనే కాబట్టి, ప్రేక్షకుడికి ఇల్లు మారినా గుమ్మంలో నిలబడ్డ మనిషి మారలేదు.

మారింది నేర్చుకోవడానికి ఇచ్చిన చోటు. అకాడమీలో నేర్చుకోవడమే ప్రదర్శన. ‘లా వోజ్’లో శిక్షణ కొద్ది నిమిషాల రిహార్సల్ దృశ్యంగా తెర మీదికి వచ్చి పోతుంది. పియానో పక్కన నిలబడి కోచ్ రెండు సలహాలు ఇస్తాడు, సాయానికి వచ్చిన మరో గాయకుడు ఇంకో మాట చెబుతాడు, అంతలో దుస్తులు మారిపోయి వేదిక మీద దీపాలు వెలుగుతాయి. మార్గదర్శనం పేరుతో అమ్ముడైన కార్యక్రమంలో తక్కువగా కనిపించేది మార్గదర్శనమే కావడం విడ్డూరమే. మరి అక్కడ దండిగా కనిపించేది ఏమిటంటే, ఎంపిక.

ముఖం చూడకుండా గొంతు విని ఎంచే ఈ మొదటి దశ, అంటే బ్లైండ్ ఆడిషన్ల దశ, చూపుకు ఎంత సరళంగా ఉంటుందో లోపల అంత చిక్కుగా ఉంటుంది. మొట్టమొదట తెలుసుకోవలసింది ఏమిటంటే, ఆ వేదిక మీదికి వచ్చేవాళ్లెవరూ నేరుగా వీధిలోంచి రారు. అంతకుముందే నిర్మాణ సంస్థ వేలాది అభ్యర్థులను వడగట్టి ఉంటుంది. ఆ వడపోత కళ్లు తెరిచి జరిగేదే. వయసు, ఊరు, కుటుంబ కథ, పాడే తీరు, అన్నీ చూసే ఎంపిక చేస్తారు. రూపం చూడకుండా గొంతునే వింటున్నామన్న మాట కోచ్‌ల వరకు నిజం, కార్యక్రమం మొత్తానికి నిజం కాదు. ప్రేక్షకుడికైతే గాయకుడు నోరు తెరవకముందే అతని తల్లి ఎవరో, ఎన్ని ఉద్యోగాలు పోగొట్టుకున్నాడో తెలిసిపోతుంది, పక్క గదిలో వ్యాఖ్యాతతో పాటు నిలబడి తెర చూస్తూ ప్రార్థిస్తున్న కుటుంబం కూడా కనిపిస్తూనే ఉంటుంది. చూడకూడదన్న నియమం నలుగురికే, మిగతా దేశమంతా చూస్తూనే ఉంది. మనకు తెలిసిన సంగతి వాళ్లకు తెలియకపోవడంలోనే ఆ దశ ఉత్కంఠ అంతా ఉంది.

ఆ నలుగురైనా పూర్తిగా చీకట్లో ఉంటారా అంటే, ఉండరు. పాట మధ్యలో ప్రేక్షకుల కేరింతలు వినిపిస్తాయి, అందులోంచి వేదిక మీద ఉన్న మనిషి గురించి కొంత ఊహించవచ్చు. పక్క కుర్చీ తిరిగిన చప్పుడు ఇంకా పెద్ద సమాచారం. ఒక కోచ్ తిరిగితే మిగతావాళ్లకు రెండు సంగతులు తెలుస్తాయి: ఈ గొంతులో ఏదో ఉందని పక్కవాడు అనుకుంటున్నాడు, ఇప్పుడు తాను తిరిగితే పోటీ తప్పదు. ఇక్కడ సంగీత జ్ఞానంతో పాటు పేకాట తెలివి కూడా అవసరమవుతుంది. మొదటి పంక్తికే తిరిగినవాడు ‘నీ గొంతు వినగానే ఆగలేకపోయాను’ అని చెప్పుకోగలడు, గాయకుడిని ఒప్పించడానికి అంతకు మించిన ఆయుధం లేదు. కానీ అలా తిరిగాక పై స్థాయిలో గొంతు పగిలితే చేయగలిగింది లేదు, బటన్ వెనక్కి రాదు. చివరి స్వరం దాకా ఆగినవాడు జాగ్రత్తపరుడే, అయితే ఎందుకు అంతసేపు తటపటాయించాడో అతను జవాబు చెప్పుకోవాలి.

దీనికి జట్టు ఖాళీల లెక్క తోడవుతుంది. ఒక కోచ్‌కు పన్నెండు ఖాళీలు ఉన్నాయనుకుందాం. మొదటి రోజున అతనికి తిరగడం చవక, తప్పు చేసినా ఇంకా పదకొండు మిగిలే ఉంటాయి. ఆఖరి రోజున ఒకే ఖాళీ ఉన్నప్పుడు వచ్చే గాయకుడు మొదటి రోజు వచ్చినవాడికంటే బాగా పాడినా కుర్చీ తిరగకపోవచ్చు, ఎందుకంటే ఇంకా మంచి గొంతు రావచ్చన్న ఆశ ఆ కోచ్ చేతిని ఆపుతుంది. కాబట్టి ఎవరూ తిరగకపోవడానికి పాట బాగా లేకపోవడమే కారణం కానక్కర్లేదు. జట్టులో ఇప్పటికే అటువంటి గొంతు ఉండటమో, వరసలో చివరన రావడమో కూడా కారణం కావచ్చు. ఎవరూ తిరగని గాయకుడితో ఆ తర్వాత కోచ్‌లు చెప్పే ఓదార్పు మాటల్లో ఈ లెక్క అప్పుడప్పుడు బయటపడుతుంది. చూసేవాళ్లకు అది మర్యాద కోసం చెప్పిన మాటలా అనిపించినా, చాలాసార్లు అదే అసలు నిజం.

ఇద్దరో ముగ్గురో తిరిగినప్పుడు అధికారం ఒక్కసారిగా చేతులు మారుతుంది. రెండు నిమిషాల కిందట దయ కోసం నిలబడిన గుమాస్తానో పెళ్లిళ్లలో పాడే గాయనో ఇప్పుడు ఎంచుకునే స్థానంలో ఉంటారు. దేశమంతా తెలిసిన తారలు తమను తాము అమ్ముకోవడం మొదలుపెడతారు. ఒకరు లేచి వేదిక మీదికి వెళ్లి కౌగిలించుకుంటారు, ఒకరు గిటారు అందుకుని జతగా పాడతారు, ఇంకొకరు పక్కవాణ్ణి ఎగతాళి చేస్తారు. పాత పోటీల్లో న్యాయనిర్ణేత మార్కులు వేసేవాడు, ఇక్కడ ఆయనే ఎంపిక కోసం చెయ్యి చాపుతున్నాడు. ఆర్థిక సంక్షోభం ముదిరి, ఉద్యోగం కోసం యువత గడపగడపా తొక్కుతున్న 2012 నాటి స్పెయిన్‌లో, యజమానులే అభ్యర్థి ముందు వరస కట్టి బతిమాలుకునే ఆ దృశ్యం జనాన్ని ఎందుకు కట్టిపడేసిందో ఊహించడం కష్టం కాదు. ఇది నా అభిప్రాయం మాత్రమే. కాలక్రమంలో ఈ అమ్మకపు ఆటకు ఇంకాస్త కారం కూడా కలిపారు, ఒక కోచ్ ఇంకో కోచ్ దారిని అడ్డుకునే ‘బ్లాక్’ బటన్ వచ్చింది. తిరిగాక గానీ తన కుర్చీ కట్టుబడిపోయిందని ఆ రెండో కోచ్‌కు తెలియదు. దానివల్ల గాయకుడికి ఒక దారి మూసుకుపోతుంది తప్ప ఒరిగేదేమీ లేదు. ఈ పోటీలో నియమాలు ఎవరి వినోదం కోసం పుడుతున్నాయో ఆ ఒక్క బటన్ చెప్పేస్తుంది.

‘బతాయాస్’ (పోరాటాలు) అనే రెండో దశలో గాలి మారుతుంది. ఒకే జట్టులోని ఇద్దరు ఒకే పాటను ఎదురెదురుగా నిలబడి పాడాలి, వాళ్లను చేర్చుకున్న కోచే ఒకరిని వదులుకోవాలి. నిన్న ‘నువ్వు నా జట్టులోకి రా, నీకు నేనున్నాను’ అన్న మనిషే ఇవాళ ‘క్షమించు’ అంటాడు. జంటలను కట్టేది కూడా కోచే కాబట్టి, ఈ దశలో ఓడిపోవడమంటే చాలాసార్లు పాడే సమయంలో కాదు, జంట కుదిరిన రోజునే ఓడిపోవడం. ఒకే రకం గొంతులున్న ఇద్దరిని జత చేస్తే ఒకరు వృథా అవుతారు. బలమైనవాణ్ణి బలహీనుడితో జత చేస్తే ఫలితం ముందే తెలిసిపోతుంది. పాట ఎంపిక కూడా తటస్థం కాదు. దక్షిణ స్పెయిన్‌లోని అందాలూసియా ఊళ్లలో అక్కడి సంప్రదాయ సంగీతమైన ఫ్లామెంకో వింటూ పెరిగి, స్వరాన్ని విరిచి సాగదీసే అలవాటున్న గొంతుకు ఇంగ్లీషు పాప్ పాట ఇస్తే, అక్కడే సగం తీర్పు రాసినట్టు. ఈ కాఠిన్యాన్ని కొంత మెత్తబరచడానికి వచ్చినదే ‘రోబో’. స్పానిష్‌లో ఆ మాటకు దొంగతనమని అర్థం, యంత్రమానవుడితో దానికి సంబంధం లేదు. ఒకరు వదులుకున్న గాయకుణ్ణి ఇంకో కోచ్ తన జట్టులోకి లాక్కోవచ్చు. దాంతో ఓటమి క్షణం కూడా మళ్లీ వేలం క్షణంగా మారిపోతుంది, కుర్చీలకు మళ్లీ పని దొరుకుతుంది.

చివరి దశల్లో ప్రేక్షకుల ఓటు ప్రవేశిస్తుంది, కోచ్ చేతిలోని కత్తెర నెమ్మదిగా జారిపోతుంది. ఫలితంగా పోటీ ఒక కొలబద్దతో మొదలై ఇంకో కొలబద్దతో ముగుస్తుంది. మొదట ముఖం చూడకుండా వృత్తి గాయకులు ఎంచుతారు, చివర ముఖం, కథ, ఊరు, కోచ్ మీది అభిమానం అన్నీ కలగలిపి జనం ఎంచుతారు. స్పెయిన్‌లో టీవీ ముఖ్య ప్రసార సమయం రాత్రి పది దాటాక గానీ మొదలుకాదు, ఇటువంటి కార్యక్రమాలు అర్ధరాత్రి దాటి సాగుతాయి. విజేతను ప్రకటించే వేళకు మెలకువగా ఉన్నవాళ్లు అప్పటికే ఒక పక్షం వహించినవాళ్లే అయి ఉంటారు.

టెలెసింకో కాలపు విజేతల పట్టికను కోచ్‌ల పేర్లతో కలిపి చదివితే ఇంకో బొమ్మ కనిపిస్తుంది. 2012లో రాఫా బ్లాస్ మెలెండీ జట్టు నుంచి, 2013లో దావిద్ బర్రుల్ మాలూ జట్టు నుంచి, 2015లో ఆంతోనియో హోసె ఆంతోనియో ఒరోస్కో జట్టు నుంచి గెలిచారు. 2016లో ఇరేనె కరుంచో, 2017లో ఆల్బా హిల్ వరసగా మానుయెల్ కర్రాస్కోకు విజయం తెచ్చిపెట్టారు. ఎందరు విజేతలను తయారుచేశాడన్నది కోచ్‌కు ఒక బిరుదులా అంటిపెట్టుకుంటుంది. బిస్బల్ పెద్దల పోటీలో రెండేళ్లు కూర్చుని ఒక్కసారీ గెలవలేదు, అయినా అతని పేరుకు వచ్చిన లోటేమీ లేదు.

కుర్చీల్లో కూర్చున్నవాళ్ల పూర్వచరిత్రను చూస్తే నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే సంగతి బయటపడుతుంది. బిస్బల్ తొలి ‘ఒపెరాసియోన్ త్రియున్ఫో’లో రెండో స్థానం. వెల్వా తీరంలోని ఇస్లా క్రిస్తీనా ఊరివాడైన మానుయెల్ కర్రాస్కో రెండో ‘ఒపెరాసియోన్ త్రియున్ఫో’లో రెండో స్థానం. 2017 నుంచి ‘లా వోజ్’ కోచ్‌గా, పియానో ముందు కూర్చున్న గాయకుడిగా పేరుపడిన పాబ్లో లోపెజ్ 2008 నాటి పోటీలో రెండో స్థానం. పిల్లల పోటీ ‘లా వోజ్ కిడ్స్’లో కోచ్‌గా కూర్చున్న ఐతానా, 2017లో మళ్లీ మొదలైన ‘ఒపెరాసియోన్ త్రియున్ఫో’లో రెండో స్థానం. అదే పిల్లల పోటీలో తర్వాత కుర్చీ ఎక్కిన లోలా ఇండిగో అయితే, 2017 అకాడమీ నుంచి అందరికంటే ముందు ఇంటికి వెళ్లిన అమ్మాయి. అంటే పాత పోటీలో ఓడినవాళ్లు కొత్త పోటీకి గురువులయ్యారు. దీన్ని విధి చమత్కారమని వదిలేయనక్కర్లేదు, కారణాలు వెతకవచ్చు. గెలిచినవాళ్ల మీద ఒప్పందం, తొలి ఆల్బమ్ తొందర, దేశం పెట్టుకున్న ఆశ, అన్నీ ఒక్కసారిగా పడతాయి. రోసా లోపెజ్ ఆ బరువుతోనే మూడు నెలల్లో యూరోవిజన్ వేదిక ఎక్కింది. రెండోవాడికి పేరు వస్తుంది, బరువు కొంత తగ్గుతుంది, తన దారి తాను వెతుక్కునే వెసులుబాటు ఉంటుంది. బిస్బల్ 2003లో కొత్త కళాకారుడి విభాగంలో లాటిన్ గ్రామీ అందుకున్నాడు. కర్రాస్కో అంత వేగంగా కాకుండా, ఆల్బమ్ తర్వాత ఆల్బమ్‌తో మెల్లగా ఎదిగి స్టేడియాలు నింపే స్థాయికి చేరాడు. ఓటమి చూసినవాడు ఓదార్చగలడన్నది కూడా టీవీకి పనికొచ్చే గుణమే.

ఇంకో రకం కోచ్‌లు వంశం ద్వారా, పాటల ద్వారా వచ్చారు. రోసారియో తల్లి లోలా ఫ్లోరెస్ స్పెయిన్ ప్రజాసంగీతంలో ఒక శకం, తండ్రి ‘ఎల్ పెస్కాయిల్యా’ కతలాన్ రుంబా అనే సంగీత శైలిని రూపుదిద్దినవాళ్లలో ఒకడు. మాలూ ఫ్లామెంకో గిటారు మహావిద్వాంసుడు పాకో దె లూసియా అన్న కూతురు. ఆమెకు 1998లో పేరు తెచ్చిన ‘అప్రెందిస్’ పాటను రాసింది అలెహాండ్రో సాన్స్. ఆ మాటకు ‘పని నేర్చుకునే శిష్యుడు’ అని అర్థం. పదిహేడేళ్లు గడిచాక, 2015 సీజన్‌లో ఆ పాట రాసినవాడు, పాడిన గాయని పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, ఇంకొకరి శిష్యులను లాక్కోవడానికి పోటీపడ్డారు.

స్పెయిన్‌వాళ్ల పోటీలో ఇటలీ, కొలంబియా, మెక్సికో, ప్యూర్టోరికో తారలు ఎందుకు కూర్చుంటారన్న అనుమానం కొత్తగా చూసేవాళ్లకు వస్తుంది. స్పానిష్ పాటకు స్పెయిన్ ఒక మూల మాత్రమే, అసలు పెద్ద సంత అట్లాంటిక్ అవతల ఉంది. అందుకే కుర్చీలూ సముద్రం దాటుతుంటాయి. అలెహాండ్రో సాన్స్ 2011లోనే మెక్సికో పోటీలో కోచ్‌గా ఉన్నాడు, బిస్బల్ 2013లో, ఇటలీ గాయని లౌరా పౌజీని 2014లో అక్కడ కూర్చున్నారు. ఆ అనుభవంతోనే సాన్స్, పౌజీని 2015లో స్పెయిన్ కుర్చీలకు వచ్చారు. తర్వాత కొలంబియా నుంచి హువానెస్, మెక్సికో నుంచి పౌలీనా రూబియో, ప్యూర్టోరికో నుంచి లూయిస్ ఫోన్సీ. ‘దెస్పాసీతో’ పాటతో 2017లో లోకమంతా మోగిన ఫోన్సీ 2019లో స్పెయిన్ కుర్చీలో కూర్చున్నాడంటే, అది స్పెయిన్ ఛానెల్‌కు ఎంత లాభమో ఆయన తర్వాతి పర్యటనకూ అంతే లాభం. కొత్త ఆల్బమ్ చేతిలో ఉన్న గాయకుడికి వారం వారం గంటల తరబడి తెర మీద ఉండే అవకాశం ఏ ప్రకటనతోనూ కొనలేనిది.

విజేతకు దక్కేది యూనివర్సల్ మ్యూజిక్ సంస్థతో రికార్డింగ్ ఒప్పందం. బిస్బల్, ఒరోస్కో, కర్రాస్కో, పాబ్లో లోపెజ్ కూడా అదే సంస్థ గాయకులు. ఇందులో దాపరికమేమీ లేదు, మోసమూ లేదు, కానీ మార్గదర్శనం అనే మాటను అర్థం చేసుకోవడానికి ఇది అవసరం. గురువు నిలబడిన కొట్టులోనే శిష్యుడికీ బల్ల వేస్తున్నారు, అయితే ఆ బల్ల మీద ఏటా కొత్త సరుకు పెట్టక తప్పదు. పోయిన ఏటి విజేత రెండో ఆల్బమ్ ఆలోచనలో ఉండగానే ఈ ఏటి విజేత తొలి పాట సిద్ధమవుతుంది. కార్యక్రమం మళ్లీ మొదలైనప్పుడు కోచ్ అదే కుర్చీలో కనిపిస్తాడు, విజేత కనిపించడు.

దీనికి తోడు, ఈ పోటీలో కథ శిఖరం మొదట్లోనే వస్తుంది. కుర్చీ తిరిగిన ఆ తొంభై సెకన్లే ఒక గాయకుడి గురించి జనం గుర్తుపెట్టుకునేది. తుదిపోరులో ఎంత బాగా పాడినా ఆ క్షణం తిరిగిరాదు. అకాడమీలో రోజూ చూసిన మనిషి మీద పెరిగే మమకారం ఇక్కడ పెరగదు, పెరిగేంత వ్యవధి ఇవ్వరు. నిలదొక్కుకున్న విజేతల్లో ముందుగా చెప్పుకోవలసినవాడు ఆంతోనియో హోసె. అతడి నేపథ్యం చూస్తే ‘కనిపెట్టిన గొంతు’ అన్న మాట కూడా కాస్త సడలుతుంది. కోర్దొబా ప్రాంతపు పాల్మా దెల్ రియో ఊరి కుర్రాడైన అతడు 2005లోనే బెల్జియంలో జరిగిన పిల్లల యూరోవిజన్‌లో స్పెయిన్ తరఫున పాడి రెండో స్థానం సాధించాడు. మళ్లీ రెండో స్థానమే! కోచ్‌లు వీపు తిప్పి విన్న ఆ గొంతును దేశం పదేళ్ల కిందటే ముఖంతో సహా చూసింది.

2018లో ఈ పోటీ హక్కులు టెలెసింకో చేజారి, దాని ప్రధాన ప్రత్యర్థి ఆంతేనా 3కి వెళ్లాయి. స్పెయిన్ ప్రైవేటు టీవీ రంగం దాదాపుగా ఈ రెండు ఛానెళ్ల యాజమాన్య సమూహాల మధ్యే పంచుకుని ఉంది కాబట్టి, ఇది ఎన్నికల ముందు పెద్ద నాయకుడు పార్టీ మారినంత వార్త అయింది. వంటల పోటీ ‘మాస్టర్‌షెఫ్’ను ప్రభుత్వ ఛానెల్‌లో నడిపిన ఎవా గొంజాలెజ్ వ్యాఖ్యాతగా వచ్చింది. 2019 ఒక్క ఏడాదిలోనే ఆంతేనా 3 పెద్దల పోటీని, అరవై దాటినవాళ్ల పోటీని, పిల్లల పోటీని వరసగా ప్రసారం చేసింది. పిల్లల పోటీ 2014లో టెలెసింకోలోనే పుట్టింది. అందులో కోచ్ పాత్ర ఇంకా సున్నితం, తొమ్మిదేళ్ల పాపకు ‘నిన్ను ఎంచలేదు’ అని చెప్పేటప్పుడు న్యాయమూర్తి ముఖాన్ని మేనమామ ముఖంతో కప్పుకోవాలి.

పోటీ పుట్టింట్లో ఈ గురువు–న్యాయమూర్తి ముడి చేదు రూపం కూడా చూపింది. 2022 జనవరిలో ‘ది వాయిస్ ఆఫ్ హాలండ్’ చుట్టూ లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు రావడంతో ఆర్‌టీఎల్ దాని ప్రసారాన్ని నిలిపివేసింది. స్పెయిన్ రూపానికి ఆ వ్యవహారంతో సంబంధం లేదు. అయినా ఒకరి భవిష్యత్తు ఇంకొకరి చేతిలో పూర్తిగా పెట్టే ఏ నిర్మాణానికైనా కాపలా అవసరమని అది యూరప్ టీవీ రంగమంతటికీ గుర్తుచేసింది.

అరవై దాటినవాళ్ల పోటీలో మాత్రం కోచ్ అనే మాట తలకిందులైంది. 2019లో మొదటి ‘లా వోజ్ సీనియర్’ను గెలిచిన హెలెనా బియాంకో కొత్త గాయని కాదు. ‘లోస్ మిస్మోస్’ బృందంతో ఆమె 1968లో పాడిన ‘ఎల్ పువెంతె’ స్పెయిన్‌లో వీధి వీధినా మోగిన పాట. ఆ పాట వచ్చిన పదహారేళ్లకు, 1984లో, ఫువెన్హిరోలాలో పుట్టిన పాబ్లో లోపెజ్ ఆమెకు కోచ్.